చక్కెర వెయ్యని ఉప్పునీళ్లు

నాకు సంతకం పెట్టుడు తప్ప రాత రాదు. నేను చెప్తుంటె ఇంకొకలు ఇది రాస్తున్నరు. మా ఆయనకు నేను చేసింది తప్పో కాదో తెల్వక ఇన్నేండ్లు కడుపులనే పెట్టుకున్న.

మాది కోస్గి దిక్కు పల్లె. గొర్లు కాసుకొని బతికినోళ్లం. ఆయనకు షుగరు బీమారి వచ్చింది. చక్కెర మొకం చూడొద్దని డాక్టరు అన్నంక నేను చక్కెర డబ్బను జొన్నల కుండల దాచిపెట్టిన. చాయ గూడ సప్పగనే పోస్తుంటి. "దొంగసొమ్ము దాసినట్టు దాసినవ్ గదనే" అని నవ్వుతుండె.

తెలంగాణ వచ్చినంక రెండో ఎండకాలం. ఒకనాడు పొద్దుగాల మంద కాడికెళ్లి వచ్చి, కడుపు ఆగుతలేదన్నడు. వాంతులు గూడ. నీళ్లు తాపాలని అందరు అంటరు గద, చెంబెడు నీళ్లల్ల ఉప్పేసి ఇచ్చిన. ఒక గుక్క తాగి మొకం ముడిసిండు.

"నేనేమన్న గొర్రెనానే, ఉప్పు నాకనీకె? జర చక్కెరెయ్యి."

"షుగరున్నోనికి చక్కెరేందయ్యా, సస్తవా?"

"గిది తాగినా సస్త తియ్."

ఎయ్యలే. పొద్దూకేదాంక ఉత్త ఉప్పునీళ్లే తాపిన. తాగింది తాగినట్టే పాయె. కండ్లు లోపటికి పీక్కపోయినయ్. చేతిమీద తోలు పట్టి ఇడిస్తె పట్టిన కాడనే నిలబడ్డది. అప్పుడు ఆటో పిలిచి దవాఖానకు తీస్కపోయిన. బాటిళ్లెక్కిచ్చిన్రు. మూత్రం బందైంది. రెండోనాడు పగటాల్లకు పాణం పోయింది.

మాకు పిల్లల్లేరు. గొర్లను మరిది మందల కలిపిన. కోస్గిల ఒక అర్ర కిరాయికి తీసుకొని కాలేజీల ఊడ్సే పనికి చేరిన. "ఆయమ్మా, నీళ్లు రాలే" అని పిల్లలంటరు, "జర జరుగున్రి" అని నేనంట. గంతే నాకు మాటలు. అర్రకొస్తె గవి గూడ లేవు.

ఒకనాడు వరండా తుడుస్తున్న. లోపట చిట్యాల దిక్కునుంచి వచ్చిన మేడమ్ పాఠం చెప్తాంది. బోర్డు మీద రెండు వరసలు గీసింది. గుండ్రటి తలకాయలు, ఒక్కొక్కదానికి రెండేసి తోకలు. మన ఒంట్ల ఒక్కొక్క కణం చుట్టు గిట్లాంటి కొవ్వు పొర ఉంటదట. తలలకు నీళ్లంటె ఇష్టమట, తోకలకు పడదట. గందుకే ఒక వరస తలలు బయటి నీళ్ల దిక్కు, ఇంకో వరస తలలు లోపటి నీళ్ల దిక్కు పెట్టి, తోకలను నడుమ దాసుకుంటయట. నాకు నవ్వొచ్చింది. మా గొర్లు ఎండకు గుంపు కట్టి తలకాయలు లోపటికి దూర్చి పిర్రలు బయట పెడ్తయ్. ఇవి ఉల్టా. గా పొర గోడ లెక్క గట్టిగుండదు, మెదులుతనే ఉంటదని గూడ చెప్పింది. అది మాత్రం మంద తీరే. ఆయన ఉంటె ఇంటికి పోంగనే చెప్తుంటి, పడిపడి నవ్వుతుండె.

మేడమ్ ఇంకా చెప్తాంది. "ఈ పొరల ప్రోటీన్లతోని అయిన తలుపులుంటయి. ఏది పడితె అది లోపటికి రాదు. పేగులల్ల ఒక తలుపుంది, అది ఉప్పును ఒక్కదాన్నే రానియ్యది. చక్కెరతోని జోడుగ వస్తెనే తెరుసుకుంటది. ఆ రెండు పోతె వాటెంబడి నీళ్లు పోతయి. గందుకే విరేచనాలైతె ఉప్పు ఒక్కటే కలిపి తాపితె లాభం లేదు."

నా చేతుల తడిబట్ట నీళ్లు కాళ్ల మీద కారుతున్నయ్. నాకు సోయి లేదు.

నాలుగైదు దినాలు పోయినయ్. తర్వాత మేడమ్ ల్యాబుల ఒక్కతే ఉన్నప్పుడు అడిగిన. "మేడమ్, షుగరు బీమారి ఉన్నోనికి గూడ చక్కెర పొయ్యాల్నా?"

"పొయ్యాలె ఆయమ్మా. షుగరున్నా సరే, ఉప్పు చక్కెర కలిపి అమ్మే ఓఆరెస్ పాకెట్ నీళ్లల్ల కలిపి తాపాలె, ఎంటనే డాక్టరు దగ్గరికి పోవాలె. ఎవరికి బాగలేదు?"

"ఎవలకు ఏం గాలే" అని చీపురు పట్టుకొని బయటికొచ్చిన. తలుపు దాటినంక చీపురు గోడకు ఆనిచ్చిన. మల్ల లోపటికి పోయి నిలబడి అంత చెప్పిన. ఆమె కుర్చీ జరిపి కూసోమన్నది.

"చక్కెరేస్తె బతుకుతుండెనా అంటె నాకు తెల్వదు ఆయమ్మా. పొద్దుగాల్నే దవాఖానకు పోతె బతుకుతుండెనేమో. ఉత్తగ నీ తప్పు లేదని చెప్పి పంపలేను."

"అయితె నా తప్పేనా?"

"తెలిసి చెయ్యలే గద."

"తెల్వకున్నా, తాపిన చెయ్యి నాదే గద మేడమ్."

గంట కొట్టిన్రు, మేడమ్ క్లాసుకు పోయింది. తప్పని గట్టిగ తిట్టినా, కాదని గట్టిగ అన్నా, ఆ రాత్రికి నాకు నిద్రన్న పడుతుండె.

మా గల్లీల షుగరున్న ఇండ్లు నాలుగున్నయ్. ఎవలింటికి పోయేదాన్ని కాను. ఆ ఐతారం పోయిన. మొదటి ఇంట్ల కోడలు బియ్యం చెరుగుతాంది. "మీ మామకు ఎన్నడన్న కడుపు పోతె ఉత్త ఉప్పునీళ్లు తాపకు బిడ్డా. ఓఆరెస్ పాకెట్ తెచ్చి నీళ్లల్ల కలుపు, అండ్ల చక్కెరుందని బుగులుపడకు, ఎంటనే దవాఖానకు తీస్కపో" అన్న.

"నీకెట్ల ఎరుక అవ్వా?" అన్నది, చాట ఆపకుండనే.

"మా ఆయనకు నేను చక్కెర ఎయ్యలే బిడ్డా."

చాట ఆగింది. ఆమె నా దిక్కు చూసింది. నేను రెండో ఇంటికి పోయిన.