ఇప్పచెట్టు కింద మొదటి షిఫ్ట్

మార్చిలో భిలాయి వెళ్లినప్పుడు రుఆబాంధాలో మా బాబాయి ఇంట్లో దిగాను. ఆయన ఉక్కు కర్మాగారంలో రిటైరైన మనిషి. ఒక్కరోజులో ఎక్కి దిగగలిగే కొండలు రెండు చూసిపెట్టుకుని, అడవి దట్టంగా ఉన్నదాన్నే ఎంచుకున్నాను. ఎండ ముదరకముందే ఎక్కాలని నా పట్టుదల.

"తెల్లారీసరికి కొండ కాడుంటావేటి? ఇప్పపూలు రాల్తన్నాయిరా. ఫస్ట్ షిఫ్ట్ ఎలుగుబంటిది. నువ్వు ఎండెక్కినాక జనరల్ షిఫ్ట్‌కి ఎల్లు" అన్నాడు బాబాయి. వేళాకోళం అనుకుని నవ్వేశాను.

మర్నాడు తెల్లారేసరికి కొండ మొదట్లో ఉన్నాను. కాలిబాట పక్కన ఒక ముసలామె ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ఇప్పచెట్టు కింద నేలంతా పూలే. ఎందుకు ఏరడం లేదని అడగబోయాను. ఆమె నా చెయ్యి పట్టి కిందికి లాగింది.

"బైఠ్ జా బేటా. అభీ ఓకర్ పారీ హే" అంది గుసగుసగా. కూర్చో, ఇప్పుడు దాని వంతు అని.

చెట్టు వెనక నల్లటి వీపు కదిలింది. పూలను నోటితో పీల్చుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను ఆమె వెనక్కి నక్కాను. ఆమె మాత్రం కుళాయి దగ్గర వరసలో ఉన్నట్టు కూర్చుంది.

అది పొదల్లోకి వెళ్లాక ఆమె మనుషులున్నారని దానికి తెలిసేలా రెండుసార్లు గట్టిగా దగ్గి, కాసేపు ఆగి, బుట్ట తీసుకుని లేచింది. నేను లేచి కొండెక్కడానికి మాత్రం ఎండ రావాల్సి వచ్చింది.

సాయంత్రం బాబాయి అడిగాడు. "ఏ షిఫ్ట్‌లో ఎక్కినావేటి?"

"జనరల్ షిఫ్టే బాబాయ్" అన్నాను. అబద్ధమేమీ కాదు.