అమ్మ శుక్రవారాలు

అమ్మ జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడినవాళ్ళంతా ఆమె ఉపవాస ప్రార్థనల గురించే చెప్పారు. చివరి రోజుల్లో కూడా విడవలేదని మెచ్చుకున్నారు. ముందు వరసలో తల వంచుకుని విన్నాను. వాళ్ళు చెప్పింది నిజం కాదు.

మాది లూథరన్ కుటుంబం. అమ్మ ప్రతి శుక్రవారం సాయంత్రం దాకా ఏమీ తినేది కాదు. ఉపవాసం ఉన్నవాళ్ళను రెండోసారి అన్నానికి పిలవకూడదని మా ఇంట్లో పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది అమ్మే. నాన్న పోయాక ఆమె కాకినాడలో మా దగ్గరే ఉండేది. పొద్దున్నే ఎరువుల ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్తూ, "టిఫిన్ తిన్నావా అమ్మా?" అనేవాణ్ణి.

"ఉపవాసం నాన్నా."

"రోజూ ఉపవాసమేనాండీ?" అని నా భార్య ఒకసారి నన్ను అడిగింది.

"దేవుడి విషయంలో నీ ఆరాలేంటి?" అని కసిరాను. అమ్మను మళ్ళీ అడగకపోవడమే నాకు సుఖంగా ఉండేది.

మతిమరుపు ఎక్కువైందని ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ గారు టేపుతో అమ్మ పిక్క కొలిచారు.

"పిక్కకి కూడా జాకెట్టు కుడతారా అమ్మా?" అంది అమ్మ. అందరం నవ్వాం.

తర్వాత చేతికి పట్టు కొలిచే పరికరం ఒకటి ఇచ్చి గట్టిగా నొక్కమన్నారు. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. చిన్నప్పుడు ఆ చెయ్యి నా చెవి మెలిపెడితే సాయంత్రం దాకా మండేది.

"కండ బాగా కరిగిపోయిందండి. తిండి లేకపోతే మతిమరుపు ఇంకా ముదరొచ్చు. ఏం పెడుతున్నారు?"

"ఉపవాసాలు ఎక్కువండి," అన్నాను.

ఆవిడ అమ్మవైపు తిరిగారు. "ఈవేళ ఏం వారం మామ్మగారూ?"

"శుక్రవారం కదండీ. అందుకే పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు."

ఆ రోజు మంగళవారం.

ఇంటికొచ్చి గుడ్డు ఉడికించి, పప్పన్నం కలిపి నోటి దగ్గర పెట్టాను. శుక్రవారమని మూతి తిప్పుకుంది. "కాదమ్మా, ఆదివారం," అన్నాను. తింది. అప్పటినుంచి మా ఇంట్లో రోజూ ఆదివారమే. కానీ నాలుగు ముద్దలు మింగగానే చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర అడిగేది.

"ఆదివారమైతే గుడికి తీసుకెళ్ళవేంటి? మొదటి గంట కొట్టేసుంటారు."

మంచం పట్టె పట్టుకుని లేచేది. కాళ్ళు నిలవక కూలబడేది.

"ఇంకొన్నాళ్ళు బాగా తింటే నడుస్తావమ్మా," అన్నాను ఒకరోజు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదు నాన్నా?" అంది.

కోపంతో కాదు. తెలియక అడిగింది.