గెన్నమ్మ పండగ... మా అమ్మ ఉల్లికాడ

మా చిన్నప్పుడు... అరవైల్లో... కళ్యాణదుర్గం పక్కన ఒక మిషన్ ఆసుపత్రిలో మా అమ్మ బట్టలుతికేది. మార్చి ఒకటో తారీఖు వచ్చిందంటే అక్కడి పనివాళ్లంతా కొంగుకు ఉల్లికాడ గుచ్చుకునేవాళ్లు. నవ్వకండి... నిజం.

అది నర్సు గ్వెన్ గారి పండగ. మా నోటికి గెన్నమ్మ. వాళ్లది వేల్స్... ఇంగ్లండును ఆనుకునే ఉంటుంది కానీ వేరే దేశం, వేరే భాష. ఎవరైనా ఇంగ్లీషు దొరసాని అన్నారో, "నేను ఇంగ్లీషుదాన్ని కాదప్పా" అని మన యాసలోనే తగులుకునేది. ఆ రోజు వాళ్ల దేశాన్ని కాచే పునీతుడి పండగ. బళ్లారి నుంచీ రాయదుర్గం నుంచీ వాళ్ల దేశస్థులు నలుగురైదుగురు బస్సు దిగేవాళ్లు. లీక్ అని ఉల్లిలాంటి కాడను బట్టలకు గుచ్చుకోవడం వాళ్ల ఆచారం. అది మా కరువు నేలలో ఎక్కడ దొరుకుతుంది? అందుకే మా అమ్మ బట్టలు జాడించిన నీళ్లు పోసి ఉల్లిమడి పెంచేది. వాళ్ల పాట కూడా నేర్చుకుంది. ఒక్క ముక్కకు అర్థం తెలియదు, గొంతు మాత్రం ఖంగుమనేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. అదే ఏడు ఆసుపత్రికి కొత్త పెద్ద దొరసాని వచ్చింది, ఇంగ్లండు ఆవిడ. మనమంతా ఒకటే కదా, ఈ వేరు పండగ ఏమిటి, ఎవరికీ రాని భాషలో పాట ఏమిటి అంది. ఉల్లికాడ పెట్టుకున్న పనివాళ్లు మర్నాడు రానక్కర్లేదని కాంపౌండరుతో చెప్పించింది.

మా నాయనకు శెనక్కాయ చేన్లో కూలి లేక నాలుగు నెలలు. ఇల్లు నడిచేది అమ్మ జీతంతోనే.

"ఆయమ్మ పండగతో మనకేం పనే? ఉండే పని పోగొట్టుకుంటావా?" అన్నాడు నాయన.

"పీర్ల పండగ మనదా? నువ్వు ఏటా గుండం తొక్కేది లేదా?" అంది అమ్మ. "ఉగాదికి ఆయమ్మ మనింట్లో కింద కూసోని ఓళిగలు తినింది. ఈ పొద్దు నేను ఊరికే ఉంటే నా మొగాన నేనే ఉమ్మేసుకోవల్ల."



పొద్దున్నే జడలేసుకుని అమ్మ వెంట నేనూ పోయాను. గెన్నమ్మ వరండాలో ఒక్కతే నిలబడి ఉంది. బళ్లారి వాళ్లను రావద్దని తనే కబురు పంపిందట. గౌనుకు కాడ లేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. అమ్మ తన కొంగుకు ఒక కాడ గుచ్చుకుని, ఇంకొకటి తీసి ఆ గౌనుకు గుచ్చింది.

"పాడమ్మా. నువ్వు పాడకుంటే నేను పాడతా. నాకు అన్నీ తప్పులే, నగుబాటు నీకే."

అమ్మే ఎత్తుకుంది. రెండో చరణానికి గెన్నమ్మ అందుకుంది... ఆ వెనక వంటామె, ఆయాలు. రోగులు మంచాల మీద లేచి కూర్చున్నారు. పెద్ద దొరసాని తలుపు దగ్గరికి వచ్చి, మొహం కందగడ్డలా చేసుకుని నిలబడింది. వీళ్లు ఆపలేదు. చివరిదాకా పాడారు.

కాడ పెట్టుకున్న పనిమనిషి అమ్మ ఒక్కతే కదా, మర్నాడు ఆమె పని పోయింది. గెన్నమ్మ తగువాడింది, ఫలితం లేదు. ఆ ఎండాకాలమంతా మా పొయ్యి ఒక్క పూటే వెలిగింది. ఆకలికి నేను ఏడిస్తే అమ్మ దగ్గరికి తీసుకునేది... తప్పు చేశానని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అప్పట్లో నాకు అమ్మ మీద చచ్చేంత కోపం. ఇప్పుడు తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

ఈ రోజుల్లో పండగ వస్తే, అది ఎవరిదని ముందు ఆరా తీస్తున్నారు. పీర్ల గుండం దగ్గర కూడా జనం పలచబడ్డారు... నాకు ఒళ్లు మండుతుంది. మీది కాని ఏ పండగను మీరు మీదిగా చేసుకున్నారు? కింద రాయండి... రాశాక ఎవరేమన్నా సరే, తీసేయకండి.