ఇంటికి తిరిగి రాకూడని సంచీ

మా బావకి ఒక్క సముద్రం చాలలేదు. వజ్రపుకొత్తూరు దగ్గర ఊరు ఆయనది. ఇంటి వెనక కొబ్బరితోట, దాని పక్కన జీడితోట, అవి దాటితే సముద్రం. ఇంకేం కావాలి మనిషికి? అలాంటిది ఒకరోజు టెక్కలిలో మా ఇంటికొచ్చి, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే, "మావా, మన సముద్రం కాడ బండెక్కి, ఆ పక్క సముద్రం కాడ దిగుదాం. వత్తావేటి?" అన్నాడు. ఆయన మా అక్క మొగుడు. వరసకి నేను బావమరిదిని, పిలుపుకి మావని. మా వైపు ఇష్టమైనవాడల్లా మావే.

"ఆ పక్క సముద్రమంటే ఎక్కడ?"

"ద్వారక."

నేను ఆఫీసులో గుమాస్తాని. నా బండి ఇంటికీ ఆఫీసుకీ కూరగాయల బజారుకీ తప్ప ఇంకో దారి ఎరగదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. టీ తాగేసి, ఇంకో గ్లాసు అడిగి, "సోమలింగం పుడతాడు, సూడు" అన్నాడు.

ఇంకో ఇద్దరు కలిశారు. ఒకాయన హరిశ్చంద్రపురంలో లెక్కల మాస్టారు. రెండో ఆయన పలాసలో ఒక గుడి అర్చకుడు, మేం పంతులూ అని పిలుస్తాం. పంతులు ఇంట్లో ద్వారక అనగానే తీర్థయాత్ర అనుకుని వెంటనే ఒప్పేసుకున్నారు. మాస్టారింట్లో పిల్లల పరీక్షలైపోతే వెళ్ళమన్నారు. మా ఆవిడ నా మొహం చూసి, "నడుం నొప్పి మందు పట్టుకెళ్ళండి" అంది. అదే అనుమతి అనుకున్నాను. బళ్ళు మూడు. బావ నా వెనక సీటు.

ప్రయాణం ఏర్పాట్లన్నీ బావవే. మాస్టారు ఫోనులో మ్యాపు తీసి, రోజుకింత దూరమని లెక్కలు కట్టి తెచ్చారు. బావ అవి వినను కూడా వినలేదు. మా తీరంలోని ఉద్దానం తోటల కొబ్బరికాయలు లారీలకెత్తి ఎక్కడెక్కడికో పోతాయి కదా, ఆ లారీల డ్రైవర్లంతా ఈయనకి తెలుసు. తోటలో కాయల గుట్ట మీద కూర్చుని, ఫోను స్పీకరు పెట్టి, ఒక్కొక్కరికీ ఫోను చేసేవాడు. "భాయీ, రోడ్డు కైసా హై? అన్నం మిల్తా హై?" అని ఆయన హిందీ. అవతలివాడు ఏ డాబాలో పప్పు బాగుంటుందో, ఏ ఘాటీలో, అంటే కొండదారిలో, పొద్దుపోయాక వెళ్ళకూడదో, ఏ ఊళ్ళో మెకానిక్కు మంచివాడో చెప్పేవాడు. మ్యాపు చెప్పిన దగ్గర దారి వద్దనీ, చుట్టుదారే మేలనీ ఒకసారి ముగ్గురు డ్రైవర్లు చెప్పారు. మాస్టారు ఇంకా వాదిస్తుంటే బావ, "మేస్టారూ, ఆ ఫోన్లో అమ్మాయి ఎప్పుడైనా కొబ్బరి లోడు తోలిందేటండీ?" అన్నాడు. అంతటితో దారి ఖాయమైంది.

ఒక్కటే అడ్డం. బావకి కిడ్నీ జబ్బు. మా ఉద్దానంలో ఇది కొత్త మాట కాదు. ఎవరైనా ఎదురైతే పంట ఎలా ఉందని అడిగిన నోటితోనే కిరియాటిన్ ఎంతుందని అడుగుతాం. రక్తంలో ఆ అంకె పెరిగితే జబ్బు ముదిరినట్టు. బావది కొన్నేళ్ళుగా మందుల మీద ఒకచోట నిలబడి ఉంది. అంకె పెరగకపోతే వెళ్ళవచ్చునని, బయల్దేరే ముందు ఒకసారి పరీక్ష చేయించుకుని చూపించమని డాక్టరు చెప్పాడు.

ఆ అంకె కోసం ఆయన పడ్డ పాట్లు చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. భావనపాడు ఎండుచేప లేనిదే ముద్ద దిగని మనిషి, ఉప్పు లేని పప్పు తిన్నాడు. పక్కింట్లో చేపలు వేయిస్తుంటే లేచి తోటలోకి పోయేవాడు. మా అక్క ఇవన్నీ చూస్తూ గొణిగేది. "ఇంట్లో నానెన్నిసార్లు సెప్పినా మాననోడు, బండెక్కడానికి మానేసినాడు. ఎల్లొద్దురా అంటే ఒకడూ ఇనడు. ఓలమ్మ, ఆ ఎండలో ఏటైపోతాడో!" అని నన్ను తిట్టేది. బావని ఏమీ అనలేక, ఆ తిట్లన్నీ నాకే.

మాస్టారి సెలవులూ నా సెలవులూ కుదిరేది ఒక ఆదివారం బయల్దేరితేనే. ఆ మాట వినగానే పంతులు చెవులు మూసుకున్నాడు. ఆదివారం పడమటి ప్రయాణానికి వారశూలట, పనికిరాదట. నాకు ఒళ్ళు మండింది. "ఎలాగోలా సెలవు సంపాదిస్తే ఇప్పుడు శూలేంటయ్యా? రైలు ఆదివారం పడమటికి పోవడం మానేస్తోందా?" అన్నాను. పంతులు తాపీగా, "రైలుకి శాస్త్రం లేదన్నా, మనకుంది. దానికి దారీ ఉంది. ప్రస్థానం పెట్టేద్దాం" అన్నాడు.

మనిషి కదలలేని మంచి ముహూర్తానికి అతని సంచీని ముందు కదిలించడమే ప్రస్థానం. వెళ్ళే దిక్కున ఎవరింట్లోనైనా ఆ సంచీని పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తరవాత మనిషి ఏ రోజు బయల్దేరినా తప్పులేదు. అయితే ఆ సంచీ మళ్ళీ వెనక్కి ఇంటికి రాకూడదు. మనిషే వెళ్ళి దాన్ని కలుసుకుని ముందుకు పోవాలి. మేం భావనపాడు సముద్రం దగ్గర మొదలెట్టి టెక్కలి మీదుగా పడమటికి పోవాలి కాబట్టి, సంచులు పెట్టడానికి మా ఇల్లే సరిపోతుందని పంతులు తేల్చాడు. నా సంచీ కూడా మా ఇంట్లోంచి రెండిళ్ళ అవతల పెట్టించాడు. పరాయి ఇంట్లో పడి ఉన్న నా సామాను చూసుకోవడానికి ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళొచ్చాను.

గురువారం పొద్దున్న బావ తన సంచీ మా ముందుగదిలో పెట్టాడు. పాత కాన్వాసు సంచీ. దాని జిప్పు ఊడిపోతే మా అక్కే గొణుక్కుంటూ కుట్టింది. అందులో రెండు చొక్కాలు, ఒక లుంగీ, తువ్వాలు, వాళ్ళ తోటలోది ఒక కొబ్బరికాయ. "మా సెట్టు కాయ ఆ సముద్రానికి నా సేత్తో ఇయ్యాల మావా" అన్నాడు. సంచీ మీద చెయ్యి వేసి, పసిపిల్లాణ్ణి జో కొట్టినట్టు రెండుసార్లు తట్టి వెళ్ళాడు.

శనివారం పరీక్ష ఫలితం వచ్చింది. బావే ఫోను చేశాడు. "మావా, పెరిగీసింది" అన్నాడు, అంతే. తరవాత అక్క ఫోను తీసుకుని మిగిలింది చెప్పింది. బండి ప్రయాణం మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు. డయాలిసిస్ కోసం చేతి నరానికి చిన్న ఆపరేషను చేయించుకోవాలి, ఆ గాయం మానాక అది మొదలుపెట్టాలి. ఉప్పు లేని పప్పు తిన్నదంతా ఎందుకు పనికొచ్చినట్టు? ఆ దేవుడి మీదా, డాక్టరు మీదా, ఉద్దానం నీళ్ళ మీదా అందరి మీదా కోపం వచ్చింది. ప్రయాణం మానేద్దామని మాస్టారికీ పంతులుకీ చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు. ఆ మాట బావకి తెలిసి, ఫోనులో గట్టిగా అరిచాడు. "నాను సచ్చిపోనాననుకున్నారేటి? ఎల్లండి! నా దారి పాడుసెయ్యకండి!"

సరే, మేం వెళ్తాం. మరి ఆయన సంచీ? అది మా గదిలో ఉంటే చూడలేకపోయాను. ఆ మధ్యాహ్నమే దాన్ని బండికి కట్టుకుని వాళ్ళ ఊరు తీసుకుపోయాను. అక్క వాకిట్లో జీడిగింజలు ఎండబోస్తోంది. బండి మీద సంచీ చూసింది. చేట అక్కడే పడేసి, గబగబా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అదేటి తెచ్చినావు?"

"బావ సంచీ అక్కా. ఎల్లడం లేదు కదా."

"ఎనక్కి తీసుకుపో."

"అక్కా, చొక్కాలు—"

"సొక్కాలు లేక ఈడేం దిగంబరంగా తిరగడం లేదు! ఆ సంచీ ఈ గడప దాటి లోపలికొచ్చిందంటే, ఆడింక ఎక్కడికీ ఎల్లనట్టే. ప్రయాణం అయిపోయినట్టే. నాను ఒప్పను." "బండెక్కొద్దన్నాను గానీ, ఇంక ఎప్పుడూ ఎక్కొద్దని అన్నానేట్రా నాను?"

లోపల మంచం మీద బావ ఉన్నాడు. అన్నీ వింటున్నాడు. మా అక్కని తన పెళ్ళిలో తప్ప ఏడవగా నేను చూడలేదు. ఆ రోజు చూశాను. నేనూ ఏడ్చాను, ఏం దాపరికం. సంచీ తీసుకుని అలాగే వెనక్కి తిరిగాను.

పంతులికి చెబితే నసిగాడు. ప్రస్థానం కొద్ది రోజులే చెల్లుతుందట, ఆ లోపు మనిషి వచ్చి కలుసుకోకపోతే లెక్కలోకి రాదట. ఆదివారం పొద్దున్నే భావనపాడు ఒడ్డున, పడవల పక్కన, ఎండబెట్టిన చేపల వాసనలో ఆ మాటే మళ్ళీ అనబోయాడు. మమ్మల్ని సాగనంపడానికి బావతో ఆటోలో వచ్చిన అక్క ఆయన వంక ఒక్క చూపు చూసింది. పంతులు గొంతు సర్దుకుని, "సంచీ ప్రయాణంలోనే ఉంటే కాలం అయిపోదమ్మా. తిరుగుతున్నంతకాలం చెల్లుతుంది" అన్నాడు. ఏ శాస్త్రంలో ఉందో నేనడగలేదు.

అలా బావ సీట్లో బావ సంచీ కూర్చుంది. రాయగడ దాటాక ఘాటీల్లో, చెట్టు నీడ లేని ఎండ రోడ్ల మీద, రొట్టె తప్ప అన్నం దొరకని ఊళ్ళలో, నా వీపుకి ఆనుకునే ఉంది. బావ ఫోను చేసి మొదట దాన్నే అడిగేవాడు. "తడిసిందేటి? తాడు సూడు, వదులైపోతాది." ఆ తరవాత రోడ్డు. "ఎడంపక్క పచ్చ రేకుల డాబా వత్తాది, అక్కడ ఆగండి." ఆ డాబా నిజంగానే వచ్చేది. ఇంట్లో మంచం మీద పడుకుని మా ముగ్గుర్నీ ఆయనే తోలాడు. ప్రస్థానాన్ని వెక్కిరించిన నేను, ఒకచోట లాడ్జివాడు సంచీని మెట్ల కింద పడేస్తే వాడితో కొట్లాటకి దిగాను. మాస్టారు నన్ను లాక్కుపోయారు.

ద్వారకలో సముద్రం కనబడ్డప్పుడు ముగ్గురం బళ్ళు దిగాం. దిగగానే దెబ్బలాటే. పంతులు కొబ్బరికాయ తీసి సముద్రానికి ఇచ్చేద్దామన్నాడు, ఇంత దూరం మోసింది అందుకే కదా అన్నాడు. ఎలా ఇస్తాం, తన చేత్తో ఇస్తానన్నాడు కదా అని నేను. మాస్టారు ఎటూ తేల్చలేక బావకి ఫోను కలిపి నా చేతికిచ్చారు. అలల చప్పుడు వినబడేలా ఫోను ముందుకి చాపాను. చాలాసేపు విన్నాడు.

"మన సముద్రంలాగే అరుత్తాదే" అన్నాడు. "కాయ ఉంచండి మావా. నానొచ్చి ఇత్తాను."

కాయ తిరిగొచ్చింది. సంచీ తిరిగొచ్చింది, కానీ టెక్కలి దాకానే. మా ముందుగదిలో పాత చోటే.

ఇప్పుడు బావకి డయాలిసిస్ టెక్కలిలో. అది ఉన్న రోజుల్లో పొద్దున్నే నేను బండి మీద వాళ్ళ ఊరెళ్ళి తీసుకొస్తాను. నా వెనక సీటు ఆయనదే. పని అయ్యాక నీరసంగా మా ఇంటికొచ్చి, ముందుగదిలో కాసేపు నడుం వాలుస్తాడు. కళ్ళు మూసుకునే చెయ్యి చాపి సంచీ ఉందో లేదో తడుముకుంటాడు. "ఉందిలే బావా, ఎక్కడికి పోద్ది" అంటాను. మొన్న ఒకరోజు కళ్ళు తెరిచి, "ఆ పచ్చ రేకుల డాబావోడు ఫోను సేసినాడు మావా. ఎప్పుడొత్తన్నావని అడుగుతున్నాడు" అన్నాడు. వచ్చే ఏడు చూద్దామని బావ వాడికి చెప్పాడట. డయాలిసిస్ చేసే ఆస్పత్రులు దారిలో ఏ ఊళ్ళల్లో ఉన్నాయో అప్పుడే లారీ డ్రైవర్లని అడగడం మొదలుపెట్టాడు కూడా.

పోయిన వారం అక్క ఒక్కతే బస్సు దిగి వచ్చింది. వచ్చినదే సంచీ దగ్గర కూర్చుని జిప్పు లాగింది. పాత కాయ తీసి ఊపి చూసి, "నీరింకిపోనాది" అని పక్కన పెట్టి, చీర కొంగులోంచి కొత్త కాయ తీసి అందులో పెట్టింది. రెండు చొక్కాలూ బయటికి తీసింది. బావ చిక్కిపోయాడు, అవి ఇప్పుడు ఆయనకి వదులు. వాటి బదులు ఒళ్ళు తగ్గించి కుట్టించిన కొత్త చొక్కాలు మడతపెట్టి పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ తను తెచ్చిన చేతిసంచిలోంచి ఒక చీర తీసి, చొక్కాల కింద పెట్టి, దాని మీద గట్టిగా అదిమింది.

"ఇదేటక్కా?" అన్నాను.

జిప్పు బిగించి, నా వైపు తిరిగి కసిరింది. "మరేటి? ఈసారి ఆడొక్కడినీ పంపిత్తాననుకున్నావేట్రా?"