తోడికోడలి గడియారం

పులివెందుల నుంచి ప్రొద్దుటూరు బట్టల అంగడి ఇంటికి కోడలిగా వచ్చిన జయలక్ష్మమ్మ చెడ్డమనిషేం కాదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు గంజి కాచేది ఆమే. తోడికోడలు నాగరత్నమ్మ మాటెత్తితే మాత్రం కళ్ళలో నిప్పులు పోసుకునేది. దానికంతా కారణం ఆ ఫ్రెంచి గడియారం!

మామగారు ఎప్పుడో పుదుచ్చేరిలో ఒక దొర ఇల్లు ఖాళీ చేస్తుంటే కొనుక్కొచ్చాడు. నిలువెల్లా బంగారుపూత. మధ్యలో వీణలాంటిదేదో పట్టుకున్న ఆడమనిషి, పక్కన రెక్కలున్న ముసలాయన, ఆయన చేతిలో కొడవలి. భాగాలు పంచుకున్నప్పుడు అది పెద్దవాడు బదరీనారాయణకు పోయింది. జయలక్ష్మమ్మ మొగుడు శేషాద్రికి గంగాళాలు మిగిలాయి. గోడ అవతల గంట కొట్టినప్పుడల్లా ఈమె కడుపు భగ్గున మండేది.

ఎనభైల్లో మున్సిపాలిటీ ఎన్నికలొచ్చాయి. వార్డు టికెట్టు కోసం అన్నదమ్ములిద్దరూ ఆశపడ్డారు. ఇచ్చేది జమ్మలమడుగు వైపు పల్లె నాయకుడు, ముందూ వెనకా జీపుల్లేనిదే గడప దాటని మనిషి. ఆయన వస్తే బదరీనారాయణ ఇంట్లోనే దిగి, ఆ గడియారాన్ని చూస్తూ కాఫీ తాగేవాడు. శేషాద్రి వాకిట్లో నిలబడేవాడు. గడియారం అక్కడున్నంతకాలం తన మొగుడికి టికెట్టు రాదని జయలక్ష్మమ్మ తేల్చేసుకుంది.

ఒక శుక్రవారం తాంబూలం వంకతో వెళ్ళింది. నాగరత్నమ్మ గడియారం మీది ఆడమనిషిని సరస్వతీదేవి అనుకుని కుంకుమ పెడుతోంది.

“సరస్వతి సరేలే అక్కా, పక్కన కొడవలి పట్టుకోని ఉండేదెవరనుకుంటాండావు? యముడు! నట్టింట్లో యముణ్ణి పెట్టుకోని బావను పార్టీ పనుల మీద తిప్పుతాండావే. యాడ చూసినా బాంబులు పడ్తాండాయి, నీకు బయం లేదా?”

నాగరత్నమ్మ తాళి కళ్ళకద్దుకుంది.

వారం తిరక్కముందే గడియారం ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. జయలక్ష్మమ్మ పాయసం వండి మొగుడికి మారు వడ్డించింది. కుళ్ళుకు కూడా పండగలుంటాయి మరి!

టికెట్టు ప్రకటించారు. బదరీనారాయణకు.

ఆ సాయంత్రం నాగరత్నమ్మ లడ్లు తీసుకుని పరుగున వచ్చింది.

“జయా, నీ రుణం తీర్చుకోలేనమ్మా! నువ్వు చెప్పినాక పారేసేకి మనసు రాక, మీ బావ దాన్ని నాయకునింటికి ఎత్తుకపోయినాడు. దాపెట్టకుండా ‘దీంట్లో యముడుండాడన్నా’ అని కూడా చెప్పినాడంట. ఆయప్ప పగలబడి నవ్వి, ‘యముడా? అయితే మన పార్టీవాడేలే శెట్టీ, మనింట్లోనే ఉండనీ’ అన్నాడంట. శానా సంబరపడి, అప్పుడే టికెట్టు ఖాయం చేసినాడు. అంతా నీ చలవే. నోరు తెరువు.”

లడ్డు ఆమె నోట్లో కుక్కింది.

లోపలిగదిలో అంతా విన్న శేషాద్రి గడపలోకొచ్చి నిలబడ్డాడు.

“వదినకు నువ్వేం చెప్పినావే?”

జయలక్ష్మమ్మకు ఆ లడ్డు మింగుడుపడలేదు.