కుండీలో నాటిన డిష్

భూమధ్యరేఖకు ఎగువన భూమితో సమానంగా తిరుగుతూ, మా కంటికి మాత్రం కదలనట్టే నిలిచి, ఆకును ఈనెలతో సహా చూపించేటంత స్పష్టమైన బొమ్మలను ఇళ్లకు పంపుతున్న ఉపగ్రహం తాలూకు అధికారులకు, వారెవరైనప్పటికీ, పాఠకుల సమక్షంలో తెలియజేయునది: కడియంలో నర్సరీ నడిపిన మా మావయ్యగారు పోయిన నెల కాలం చేశారు. ఈ వార్త తమ కార్యాలయానికి చేరి ఉండదు. ఆయన మాత్రం తమతో చాలాకాలం సర్దుకుపోయారు.

పక్షవాతంతో అత్తయ్య మంచానపడిన ఏడాది ఆయన ఆ పెద్ద టీవీ కొన్నారు. ఆమె అడిగేది అడవుల కార్యక్రమం ఒక్కటే. జీవితమంతా ఆయనతో పాటు మోకాలెత్తు మొక్కలను లారీలకెక్కించిన మనిషి; అవి పెద్దయ్యాక ఎలా ఉంటాయో ఎన్నడూ చూడలేదు.

తమరుండే దక్షిణం వైపే డిష్‌కు అడ్డంకి ఉంది. వంకరగా ఉందని కొన్నవాళ్లు తిప్పి పంపిన పనస మొక్కను అత్తయ్య జాలిపడి ముంగిట్లో నాటించింది. ఆ నర్సరీలో చెట్టయ్యేదాకా నిలిచింది అదొక్కటే. అది డాబాను ఎప్పుడో కప్పేసింది. డిష్ బిగించడానికి వచ్చినతను కొమ్మలు కొట్టించమన్నాడు.

“ఉన్న చెట్టు కొట్టి, లేని చెట్టు చూపించమంటావేంటయ్యా?” అన్నారు మావయ్యగారు.

కడియంలో దేనినైనా కుండీలో పెట్టి పక్కకు జరపడం ఆచారం. ఆయన డిష్ గొట్టాన్ని పెద్ద సిమెంటు కుండీలో మట్టి పోసి నాటారు. చెట్టు కొమ్మ చాచినప్పుడల్లా కుండీని తోపుడుబండి మీద దూరం జరిపేవారు. “అదేమో పైన కదలదు, ఇదేమో కింద కదలదు. మధ్యలో కదిలేవాణ్ణి నేనేగా!” అనేవారు నడుం పట్టుకుని.

నీళ్లు పెట్టే ఆడవాళ్లు వరసలో ఉన్న ఆ కుండీకి కూడా పోసేవారు. గొట్టం తుప్పు పట్టింది.

“దీనికెందుకు పోస్తున్నారమ్మా?” అని అడిగారాయన.

“కుండీలో ఉంది కదండీ మరి! ఎండిపోతే మళ్లీ మమ్మల్నే అంటారు.”

నీళ్లు పొయ్యొద్దని ఎవరికీ చెప్పి ఎరగని మనిషి. “సరే, కొంచెమే పొయ్యండి,” అన్నారు.

ఆయన చివరిసారి జరిపినప్పుడు కుండీ గేటు దాకా వచ్చింది. ఆవల పంచాయతీ రోడ్డు. వానలకు చెట్టు ఏపుగా పెరిగి, పెద్దకర్మ నాటికే కొత్త కొమ్మ అడ్డం వచ్చింది. తెర మీద అడవి పోయి, ‘సిగ్నల్ లేదు’ అన్న మాట మిగిలింది.

“కొమ్మ కొట్టించేదా, అత్తయ్యా?” అన్నాను.

“వద్దురా. దాన్ని కొట్టకుండా ఉండడానికేగా మీ మావయ్య నడుం విరగ్గొట్టుకున్నారు. ఇప్పుడు కొడితే ఆయన పడ్డ పాట్లన్నీ ఏవైపోవాలి?” అంది. టీవీ కట్టెయ్యమని మాత్రం అనలేదు.

ఇది రాస్తున్న సమయానికి ఆమె ఆ నీలి తెర వైపే చూస్తోంది. గేటు దగ్గర కుండీకి ఇప్పుడే ఎవరో నీళ్లు పోసి వెళ్లారు. కింద మట్టి ఇంకా తడిగా ఉంది.

కావున దాఖలు చేయడమైనది:

డిమాండు నెం. 1. తమ ఉపగ్రహాన్ని ఒక్క కొమ్మ మేర పడమటికి జరపవలెను. ఇంతకాలం ఇటువైపు జరిగిన మనిషి ఇక లేరు.