డాక్టరమ్మ కోపం

మా డాక్టరమ్మ పోయారని మొన్న బుధవారం మేడ్చల్ నుంచి ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి వాళ్ళ వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆమె ఫోటో కింద ‘శాంతమూర్తికి నివాళి’ అని రాశారు. ఎవరు కట్టించారో చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళ కింద ఆమెను శామీర్‌పేట నుంచి వెళ్ళగొట్టించిన ప్రైవేటు ఆసుపత్రి! ఆమె శాంతమూర్తి కాదు. ఆమె కోపం వల్లనే నేనిలా క్షేమంగా ఉన్నాను. ఆ సంగతి అక్కడ ఒక్కరూ ఎత్తలేదు కనుక నేను రాస్తున్నాను.

అప్పుడు నాకు ఐదేళ్ళు. మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. నాకు నెలల తరబడి జలుబు, తలనొప్పి. ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, నుదుటి లోపల చీము నిండింది, కోసి తీయాలన్నారు. అమ్మకు మనసొప్పలేదు. ఒక్కసారి సర్కారు దవాఖానలో కూడా చూపించమని నాయినను పోరు పెట్టింది.

ఆ దవాఖానలో డాక్టరమ్మ ఉడికిన పల్లీలు ఒలుచుకుంటూ రోగులతో మాట్లాడేవారు. మా ఎక్స్‌రే చూడగానే పల్లీల పొట్లం పక్కకు నెట్టేశారు.

“ఐదేండ్ల పోరికి నుదుట్ల చీమెక్కడిదయ్యా? చీము నిండనీకి ఆడ జాగ ఉండాలె గదా!”

“తెల్లగ కనవడ్తాందని జెప్పిన్రమ్మా,” అన్నాడు నాయిన.

“తెల్లగున్నది ఎముక. గాలుంటె నల్లగ వడ్తది. ఈ పిల్లకు ఆడ గాలి గది ఇంకా రానేలేదు.”

మందుల చీటీ వెనక పుర్రె బొమ్మ గీసి చూపించారు. పుట్టేటప్పటికే బుగ్గల్లో, కళ్ళ మధ్య చిన్న చిన్న గాలి గదులు ఉంటాయట. నుదుటివి ఆరేడేళ్ళకు గానీ ఎక్స్‌రేలో కనిపించవు. పద్దెనిమిది వచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముక్కు వెనకాల, పుర్రె అడుగున ఉండే గది కూడా అలాగే నిదానంగా పెద్దదవుతుంది. వాటిని ఆనుకునే మెదడు. మధ్యన పలచటి ఎముక, అంతే.

“పిల్లలంటే కురచ పెద్దోళ్ళు గాదయ్యా,” అన్నారు. ఆ తర్వాత మందుకు వెళ్ళినప్పుడల్లా ఆమె నోట ఆ మాట విన్నాను.

నాయిన లేస్తూ, “మా పక్కింటి సుజాతకు గూడ గిట్లనే జెప్పి పోయిన నెల కోసిన్రమ్మా,” అన్నాడు.

ఆమె మా వెంటే ఆటోలో మా గల్లీకి వచ్చారు. ఆరేళ్ళ సుజాత నొసట పట్టీతో గడప మీద కూర్చుని ఉంది. తల వంచమన్నారు. ఒక పక్క ముక్కులోంచి తేటనీళ్ళు టపటపా రాలాయి.

“జలుబు తగ్గుతలేదమ్మా,” అంది వాళ్ళమ్మ.

“గిది జలుబు గాదు, మెదడు సుట్టూ ఉండే నీళ్ళు. జల్దీ నడువ్!”

అదే ఆటోలో తల్లీబిడ్డలను పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కోసినప్పుడు ముక్కు పైన పలచటి ఎముకకు పడ్డ రంధ్రాన్ని అక్కడ మూశారు. సుజాత బతికింది. కానీ ఆ కోతలో వాసన నరాలు తెగి, దానికి ఈరోజుకీ వాసన తెలియదు. పొయ్యి మీద కూర మాడినా తెలియదు. నాకైతే ముక్కులో వేసే చుక్కల మందుతో నెలలో నయమైంది.

డాక్టరమ్మ ఫిర్యాదు రాశారు. విచారణ రాలేదు. ఆమెకే బదిలీ వచ్చింది. ఆ ఆసుపత్రి మీద ఇంకో రెండంతస్తులు లేచాయి. తప్పు చేసినవాళ్ళను ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడిగినామెను మాత్రం ఊరు దాటించారు. ఇప్పుడు పోయాక శాంతమూర్తి అట!

కాలేజీలో చేరాక ఒకసారి, ఆమె రిటైరై ఉంటున్న మేడ్చల్ వెళ్ళి, “బాధగ లేదా అమ్మా?” అని అడిగాను.

“బాధెందుకు బిడ్డా? కోపమున్నది. గది సల్లారొద్దు,” అన్నారు.

బదిలీ మీద ఆమె వెళ్ళిపోయిన రోజు మా గల్లీ అంతా రోడ్డు మీదికి వచ్చింది. ఆమె కరీంనగర్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. అంతలో ఎవరో తల్లి బిడ్డను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చి ఒక ఎక్స్‌రే అందించింది.

“పోదామా అమ్మా?” అన్నాడు కండక్టర్.

“జర ఆగు తమ్మీ.”

కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి ఫిల్మును ఎండకు ఎత్తి పట్టుకున్నారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సులోని జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, ఆకాశానికి అడ్డంగా వెలుగుతున్న ఆ చిన్న పుర్రె వైపు చూస్తూ ఉండిపోయారు.